పెరటి గూటిపెట్టెలో బ్లూబర్డ్ జంట: గూడు కట్టిన నాటి నుంచి పిల్లలు ఎగిరేదాకా ఏం చూసుకోవాలి?

పెరటిగుమ్మం (రాలీ, నార్త్ కరోలినా), మార్చి 18

సభ్యులందరికీ నమస్కారం. మేము ఈ శీతకాలంలో మారిన ఇంటి వెనుక కంచె గుంజకు పాత యజమానులు బిగించి వదిలిన చెక్క గూటిపెట్టె ఒకటి ఉంది. కొన్నాళ్ళుగా ఒక బ్లూబర్డ్ జంట దాని చుట్టూ తిరుగుతోంది. మగపక్షి వీపూ రెక్కలూ గాఢమైన నీలం, రొమ్ము ఇటుక రంగు. ఆడపక్షివి అవే వన్నెలు, కాస్త వెలిసినట్టు ఉంటాయి. ఇవాళ ఆడపక్షి ఎండుగడ్డి పోచలను ముక్కున కరచుకొని లోపలికి వెళ్ళడం చూశాను. అయితే అదే కంచె మీద ఊరపిచ్చుకల జంట కూడా కూర్చొని ఆ పెట్టెలోకి తొంగి చూస్తోంది. కొవ్వూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు అలవాటు ప్రకారం ప్రతి ఉదయం పెరట్లో గుప్పెడు నూకలు చల్లుతున్నారు, ఆ పిచ్చుకలు వాటి కోసం వస్తున్నాయని నా అనుమానం.

నా సందేహాలు ఇవి. పెట్టె తలుపు తెరిచి చూడవచ్చా, చూస్తే మనిషి వాసన తగిలి పక్షి గూడు వదిలేస్తుందా? పెట్టె కంచె గుంజకే ఉండటం మంచిదేనా? పిచ్చుకల సంగతి పట్టించుకోవలసినదా, లేక వాటికవే సర్దుకుంటాయా?

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), మార్చి 18

నమస్కారమండీ. మీరు అడిగిన మూడింటిలో మూడోదే అన్నిటికన్నా ముఖ్యమైనది కాబట్టి దాని గురించి విడిగా, తీరికగా రాస్తాను. ముందు మిగిలిన రెండింటికి జవాబు చెబుతాను.

పెట్టె తెరిచి చూడవచ్చు, చూడాలి కూడా. మనిషి చేయి తగిలిన గూటిని పక్షి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల నడిపే నెస్ట్‌వాచ్ కార్యక్రమంలో పాల్గొనేవారు మూడు నాలుగు రోజులకొకసారి పెట్టె తెరిచి, లోపల ఏముందో రాసుకుంటారు. పక్షి లోపల ఉంటే ముందే ఎగిరిపోయేందుకు వీలుగా పక్కన నిలబడి చెక్క మీద మెల్లగా తట్టండి; తెరిచి, చూసి, నిమిషంలోపు మూసి అక్కడి నుంచి వచ్చేయండి. వాన కురిసేటప్పుడూ, చలిగాలి వీచేటప్పుడూ, గుడ్లు పెట్టే రోజుల్లో పొద్దున్నే తెరవకండి, ఎందుకంటే బ్లూబర్డ్ రోజుకొక గుడ్డు చొప్పున సాధారణంగా ఉదయం పూటే పెడుతుంది.

లోపల కనిపించే గూడును బట్టి అది ఎవరిదో చెప్పవచ్చు. సన్నని ఎండుగడ్డితోనో పైన్ ఆకులతోనో శుభ్రంగా గిన్నె ఆకారంలో అల్లి ఉంటే అది బ్లూబర్డ్‌ది. అడుగున పచ్చని నాచు పరిచి ఉంటే చికడీ అనే చిన్న పిట్టది. పెట్టె నిండా పుల్లలు కుక్కి ఉంటే హౌస్ రెన్ అనే మరో పిట్టది. గడ్డి, ఈకలు, కాగితం ముక్కలు, ప్లాస్టిక్ పీలికలు అన్నీ కలగలిపి కప్పుదాకా ఎగదోసి ఉంటే అది ఊరపిచ్చుకది.

ఇక కంచె గుంజ విషయం. రకూన్లు, పిల్లులు, చెట్లెక్కే పాములు కంచె వెంబడే తిరుగుతాయి. గుంజకు బిగించిన పెట్టెకు ఎంత ప్రయత్నించినా సరైన కాపలా కుదరదు. నేలలో ఒక ఇనుప ఊచ దిగ్గొట్టి, దాని మీదికి కరెంటు తీగలకు వాడే లోహపు గొట్టం దించి, ఆ గొట్టం చివర పెట్టె బిగించండి. ప్రవేశ రంధ్రం నేలకు 5 అడుగుల ఎత్తున ఉంటే చాలు. పెట్టెకు దిగువన గొట్టం చుట్టూ 8 అంగుళాల వ్యాసం, 2 అడుగులకు తగ్గని పొడవు గల రేకు గొట్టాన్ని, పైభాగం జాలీతో మూసి, కాస్త ఊగేలా వేలాడదీయాలి. దీనినే బ్యాఫిల్ అంటారు. పాకి వచ్చిన జంతువు దాని లోపలికి దూరి, పైకి దారి లేక దిగిపోతుంది. గ్రీజు మాత్రం పూయకండి, అది వానకూ ఎండకూ నిలవదు, పక్షుల ఈకలకు అంటితే ప్రమాదం.

గూడు ఇప్పుడే మొదలైంది, గుడ్లు లేవు అంటున్నారు కాబట్టి పెట్టె మార్చదలిస్తే ఈ ఒకటి రెండు రోజుల్లోనే మార్చండి. కంచెకు కొద్ది అడుగుల దూరంలో, ముఖం అదే దిక్కుకు ఉండేలా నిలపండి. గుడ్లు వచ్చాక ఇక కదపకూడదు.

ఎర్రనేల (ఫ్రిస్కో, టెక్సాస్), మార్చి 18

చెట్టునీడగారు చెప్పిన బ్యాఫిల్ మాటను ఎవరూ తేలికగా తీసుకోవద్దని నా మనవి. మా ప్రాంతంలో ర్యాట్ స్నేక్ అనే విషంలేని పాము గోడలూ చెట్లూ సునాయాసంగా ఎక్కుతుంది. ఒక్క రాత్రిలో గూడంతా ఖాళీ అయి, గడ్డి మాత్రం చెక్కు చెదరకుండా మిగిలిందంటే అది దాని పనే అనుకోవచ్చు. కొందరు గొట్టం చుట్టూ తోటలకు కప్పే నైలాన్ వల చుడతారు. పాము దానిలో చిక్కి నరకయాతన పడి చస్తుంది. పాముకూ అక్కడ బతికే హక్కు ఉంది, దానికి దారి మూస్తే సరిపోతుంది.

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), మార్చి 19

ఇప్పుడు పిచ్చుకల సంగతి.

పెరటిగుమ్మంగారూ, మీ అత్తయ్యగారి నూకలే పిచ్చుకలను పిలుస్తున్నాయన్న మీ అనుమానం సరైనదే. బ్లూబర్డ్ గింజలు తినదు. పురుగులు, మిడతలు, సాలీళ్ళు, చలికాలంలో చెట్లకు మిగిలిన పండ్లు దాని ఆహారం. నూకలు, కొర్రల వంటి చిరుగింజలు, చితక్కొట్టిన మొక్కజొన్న చల్లిన చోట బ్లూబర్డ్‌కు దక్కేది ఏమీ ఉండదు, దాని శత్రువుకు మాత్రం రోజూ భోజనం దొరుకుతుంది. శత్రువు అన్న మాట ఆలోచించే రాస్తున్నాను. మగ ఊరపిచ్చుక ఒక రంధ్రాన్ని తనదిగా ఎంచుకుంటే, లోపల పొదుగుతున్న బ్లూబర్డ్‌ను మూలకు తోసి తల మీద పొడిచి చంపుతుంది, గుడ్లను పగలగొడుతుంది, ఒక్కొక్కసారి ఆ కళేబరం మీదే తన గూడు కడుతుంది. గూటిపెట్టెలు చూసుకునేవారిలో చాలామందికి ఇది కళ్ళారా చూసిన విషయం.

బ్లూబర్డ్ పెట్టెకు ఉండే ఒకటిన్నర అంగుళాల రంధ్రం తొర్రల కోసం పోటీపడే స్టార్లింగ్ అనే పక్షిని ఆపుతుంది గానీ ఊరపిచ్చుకను ఆపదు. కాబట్టి పెట్టె పెట్టి వదిలేసినవారు బ్లూబర్డ్‌కు ఇల్లు కట్టలేదు, వల పన్నారని నేను గట్టిగా నమ్ముతాను. చూసుకునే తీరిక లేని ఏడు పెట్టె రంధ్రాన్ని మూసేయడమే ఆ పక్షికి చేసే మేలు.

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం), మార్చి 20

క్షమించాలి, ఇది చదివి నాకు బాధ కలిగింది. ఇవాళ ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. ఇక్కడ మేము వసారాలో వరికంకుల కుచ్చులు కట్టి, మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టి, పిచ్చుక ఒక్కటి వాలితే ఆ రోజంతా సంతోషపడుతున్నాము. మా చిన్నతనంలో పెంకుటిళ్ళ దూలాల సందుల్లో, దేవుడి పటాల వెనుక గూళ్ళు కట్టుకున్న పక్షి ఇప్పుడు పట్టణాల్లో చాలా చోట్ల కనబడదు. అటువంటి దానిని మీరు శత్రువు అంటున్నారు, దాని గూడు తీసేయాలంటారేమోనని భయంగా ఉంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడం మనవారికి తగునా? రెండు పక్షులలో ఏది బతకాలో నిర్ణయించే అధికారం మనకెక్కడిది?

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), మార్చి 20

గోదావరిగట్టుగారూ, మీ బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే నేను పెరిగిందీ వరికంకుల కుచ్చు వేలాడే వసారాలోనే. మీరు అడిగిన అధికారం ప్రశ్నకు నా జవాబు కొంచెం వెనక్కి వెళితే గానీ చెప్పలేను.

బ్లూబర్డ్ తన ముక్కుతో చెట్టును తొలవలేదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలిన తొర్రలోనో, పుచ్చిన కొయ్యగుంజ బొరియలోనో అది గూడు పెట్టుకుంటుంది. ఈ దేశంలో పొలాల చుట్టూ ఉన్న కొయ్యగుంజల స్థానంలో ఇనుప గుంజలు వచ్చాయి, ఎండిన చెట్లను అందంగా లేవని కొట్టేశారు, తొర్రలుండే పాత ఆపిల్ తోటలు పోయాయి, మిగిలినవాటి మీద పురుగుమందులు చల్లారు. ఆ మిగిలిన కొద్దిపాటి తొర్రల కోసం పోటీకి రెండు పక్షులను మనుషులే ఓడల్లో తెచ్చారు. ఊరపిచ్చుకను 1850 దశకం మొదట్లో ఇంగ్లండు నుంచి తెచ్చి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వదిలారు. స్టార్లింగ్‌ను 1890లో అదే నగరంలోని సెంట్రల్ పార్క్‌లో వదిలారు. రెండూ ఖండమంతా వ్యాపించాయి. ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి, ఒకప్పుడు ప్రతి పొలంగట్టునా కనిపించిన బ్లూబర్డ్‌ను చూడకుండానే చాలామంది పిల్లలు పెద్దవారయ్యారు.

అది తిరిగి వచ్చిందంటే దానంతటది రాలేదు. 1930లలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ పరిసరాల్లో థామస్ మస్సెల్‌మన్ అనే ఆయన దారుల వెంబడి వరుసగా గూటిపెట్టెలు నిలిపారు. ఇప్పుడు బ్లూబర్డ్ ట్రెయిల్ అని మనం పిలిచేది అటువంటి వరుసనే. తరువాత మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో లారెన్స్ జెలెనీ ఆ పని కొనసాగించి, 1978లో ఉత్తర అమెరికా బ్లూబర్డ్ సంఘాన్ని స్థాపించారు. ఆ తరువాత వేలాదిమంది సామాన్యులు పెరళ్ళలో, శ్మశానవాటికల గట్ల మీద, గోల్ఫ్ మైదానాల అంచున పెట్టెలు పెట్టి, వారం వారం చూసుకుంటూ వచ్చారు. ఇవాళ పెరటిగుమ్మంగారి కంచె మీద ఆ జంట వాలడం వెనుక ఇంత మంది చేతిపని ఉంది.

అందువల్ల మీ ఊరిలో పిచ్చుకకూ, ఇక్కడ బ్లూబర్డ్‌కూ జరిగిన అన్యాయం ఒకటేనని నాకు అనిపిస్తుంది. అక్కడ పెంకుటిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాక పిచ్చుకకు సందు లేకుండా పోయింది. ఇక్కడ ఎండుచెట్లు పోయాక బ్లూబర్డ్‌కు తొర్ర లేకుండా పోయింది. అక్కడ మీరు కుచ్చు కట్టడమూ, ఇక్కడ నేను పెట్టె కాపలా కాయడమూ ఒకే ధర్మం. పిచ్చుక మీద నాకు ద్వేషం లేదు. అయితే నేను నా చేతులతో నిలిపిన పెట్టెలో నమ్మి గుడ్లు పెట్టిన పక్షిని రక్షించడం మాత్రం నా బాధ్యత.

రెండోకాపు (ఎడిసన్, న్యూజెర్సీ), మార్చి 21

చట్టం సంగతి కూడా ఇక్కడ చెప్పడం అవసరం. 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం ప్రకారం ఇక్కడి స్థానిక పక్షుల గుడ్లున్న గూటిని తీయడం, గుడ్లను తాకి చెడగొట్టడం నేరం. బ్లూబర్డ్, ట్రీ స్వాలో, చికడీ, హౌస్ రెన్ అన్నీ దాని రక్షణలోకి వస్తాయి. ఊరపిచ్చుకా స్టార్లింగూ బయటి నుంచి తెచ్చినవి కనుక ఆ రక్షణలోకి రావు. కాబట్టి గూడు తీసే ముందు అది ఎవరిదో నిశ్చయంగా తెలుసుకోవాలి. బ్లూబర్డ్ గుడ్లు లేత నీలంగా, మచ్చల్లేకుండా ఉంటాయి, అరుదుగా కొన్ని పక్షులు తెల్లని గుడ్లు పెడతాయి. ఊరపిచ్చుక గుడ్ల మీద గోధుమ, బూడిద రంగు మచ్చలుంటాయి. మచ్చలు చూడగానే పిచ్చుకవని తొందరపడవద్దు, చికడీ గుడ్లకూ రెన్ గుడ్లకూ మచ్చలుంటాయి.

చెట్టునీడగారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. పిచ్చుక గూడు ఎన్నిసార్లు తీసేసినా సరిపోతుందని కొత్తవారు అనుకుంటారు. మగపిచ్చుక ఆడపిచ్చుక కన్నా ఆ రంధ్రాన్నే ఎక్కువగా అంటిపెట్టుకొని ఉంటుంది. గూడు తీస్తే ఊరుకోదు, కోపంతో పక్కనున్న బ్లూబర్డ్ పెట్టె మీద పడవచ్చు. అనుభవజ్ఞులు చాలామంది బోను పెట్టి పట్టడమే మార్గమంటారు, నేనూ అదే పాటిస్తాను.

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), మార్చి 21

గూడు తీస్తే చాలునని నేను అనలేదండీ, మగపిచ్చుక పట్టుదల గురించి మీరు చెప్పింది పూర్తిగా నిజం. బోను పెట్టడం చట్టసమ్మతమే. అయితే బోనులో పడినదానిని ఏం చేయాలన్న ప్రశ్నకు అందరి మనసూ ఒప్పుకొనే జవాబు లేదు కాబట్టి, మొదటిసారి పెట్టె చూసుకునేవారికి నేను ఆ మార్గం చెప్పను. గింజలు చల్లడం మానడం మొదటి పని. పిచ్చుక పెట్టెను పట్టుకుంటే కొన్నాళ్ళపాటు రంధ్రం మూయడం రెండోది. బ్లూబర్డ్ మొదటి గుడ్డు పెట్టిన వెంటనే పెట్టె కప్పుకు పైన రెండు పుల్లలు నిలిపి, వాటి మధ్య కట్టిన కర్ర నుంచి మెరిసే ప్లాస్టిక్ పట్టీలను కప్పును తాకేలా వేలాడదీయడం మూడోది. గాలికి కదిలే ఆ పట్టీలంటే పిచ్చుకకు బెదురు. గుడ్డు మీద మమకారం వల్ల బ్లూబర్డ్ కొద్దిసేపట్లో అలవాటు పడుతుంది. గుడ్డు రాకముందు కడితే మాత్రం బ్లూబర్డ్ కూడా బెదిరి వెళ్ళిపోవచ్చు. కట్టిన తరువాత గంటసేపు దూరం నుంచి గమనించి, ఆడపక్షి లోపలికి వెళ్ళకపోతే తీసేయండి.

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం), మార్చి 22

మీ ఇద్దరి వివరణ శ్రద్ధగా చదివాను. తెచ్చి వదిలినవారి తప్పుకు ఏ పక్షీ బాధ్యురాలు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను గానీ, మీరు కాపలా కాయడం వెనుక ఉన్న కారణాన్ని ఒప్పుకుంటున్నాను. బోను కన్నా రంధ్రం మూయడమే నాకు నచ్చింది. ఇంతకీ నేను ఇక్కడ పిచ్చుకలకు గూటిపెట్టె పెట్టదలిస్తే కొలతలు ఎలా ఉండాలి?

ఎర్రనేల (ఫ్రిస్కో, టెక్సాస్), మార్చి 22

పిచ్చుకకు ఒకటింపావు అంగుళం, అంటే 32 మిల్లీమీటర్ల రంధ్రం చాలండీ. పిచ్చుకలు గుంపుగా ఉండటానికి ఇష్టపడతాయి కనుక చూరు కింద దగ్గర దగ్గరగా రెండు మూడు పెట్టెలు కట్టవచ్చు. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకూడదు. గదిలోకి వచ్చి తిరుగుతున్న ఫ్యానుకు తగిలి చనిపోయే పిచ్చుకలు మన ఇళ్ళలో చాలా ఉంటాయి, అందుకని పెట్టెను వసారా బయటి అంచునే కట్టండి.

పెరటిగుమ్మం (రాలీ, నార్త్ కరోలినా), ఏప్రిల్ 2

అందరికీ కృతజ్ఞతలు. మావారు మీరు చెప్పినట్టే లోహపు గొట్టం, బ్యాఫిల్ ఏర్పాటు చేశారు. మరునాడే జంట అదే పెట్టెకు తిరిగి వచ్చింది. అత్తయ్యగారికి ఈ చర్చ చదివి వినిపించాను. నూకలు మానేసి, ఇప్పుడు నీళ్ళ తొట్టె ఒక్కటే నింపుతున్నారు, బ్లూబర్డ్ దానిలో స్నానం చేయడం చూసి "దీన్ని చూస్తే దసరాకు పాలపిట్టను చూసినట్టే ఉంది" అన్నారు.

నిన్నటికి ఐదు గుడ్లు వచ్చాయి. అయితే నాలుగు గుడ్లు వచ్చేదాకా ఆడపక్షి పగలు లోపల కూర్చోనే లేదు, ముట్టుకుంటే గుడ్లు చల్లగా ఉంటాయేమోనని దిగులు. ఈ రాత్రి ఉష్ణోగ్రత 34 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోతుందని చెబుతున్నారు. ఇంకొక సంగతి, మగపక్షి ఉదయమంతా మా కారు అద్దాన్ని పొడుస్తోంది.

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), ఏప్రిల్ 2

దిగులు పడవలసిన పని లేదు. గుడ్లన్నీ పూర్తయ్యేదాకా, లేదా చివరి గుడ్డుకు ముందు రోజు దాకా ఆడపక్షి పొదగడం మొదలుపెట్టదు. అందువల్లనే వేర్వేరు రోజుల్లో పెట్టిన గుడ్లు దాదాపు ఒకేసారి పిల్లలవుతాయి. పొదగడం మొదలుకాని గుడ్డు కొద్దిపాటి చలిని తట్టుకుంటుంది. పొదిగేది ఆడపక్షి ఒక్కతే, మగపక్షి దానికి ఆహారం తెచ్చి ఇస్తుంది. సాధారణంగా 12 నుంచి 14 రోజులు పడుతుంది, చలి ఎక్కువైతే ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. మీ లెక్కన ఏప్రిల్ 14 ప్రాంతంలో పిల్లలు రావాలి.

చలి రోజుల్లో పురుగులు బయటికి రావు కాబట్టి మీల్‌వర్మ్‌లు (పక్షులకు మేతగా పెట్టే పురుగులు) కొద్దిగా పెట్టడం సాయమే. రోజుకు రెండు పూటలా చిన్న గిన్నెలో ఒక్కొక్క పక్షికి పదో పదిహేనో పురుగులు చాలు. వాటిలో కాల్షియం తక్కువ కాబట్టి పొయ్యి మీద బాగా వేడిచేసి పొడి చేసిన కోడిగుడ్డు పెంకులు పక్కన పెట్టండి. వాతావరణం బాగుపడ్డాక మీల్‌వర్మ్‌లు తగ్గించేయండి, పిల్లలకు రకరకాల పురుగులు తినిపించడమే మేలు.

అద్దంలో తన నీడను మరో మగపక్షి అనుకొని పోట్లాడుతోంది. గూళ్ళ కాలం అయ్యేదాకా అద్దానికి పాత సాక్స్ తొడగండి.

రెండోకాపు (ఎడిసన్, న్యూజెర్సీ), ఏప్రిల్ 3

పచ్చిక సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. వసంతంలో పచ్చికకు పురుగుమందు చల్లించే ఒప్పందం మీ ఇంటికి పాత యజమానులు చేసుకున్నదేమైనా ఉందేమో కనుక్కోండి. ఆ జంట పిల్లలకు తినిపించేది మీ పచ్చికలోని పురుగులనే. మందు వల్ల విషం సోకకపోయినా, పురుగులు లేకపోతే పిల్లలు ఆకలితో చనిపోతాయి. హౌస్ రెన్‌లు కూడా ఏప్రిల్ రెండో సగంలో వస్తాయి. అవి స్థానిక పక్షులే గానీ ఇతరుల గుడ్లకు చిల్లు పొడుస్తాయి. పొదల పక్కన తిరిగే అలవాటు వాటిది, కాబట్టి పెట్టె చుట్టూ బయలు ఉండాలి. మీ పెరట్లో పొదలు దగ్గరగా ఉంటే కత్తిరించండి.

ఇంకొక మాట. మా ఇంటి దగ్గర ట్రీ స్వాలోలు పోటీకి వచ్చేవి. మొదటి పెట్టెకు 15 అడుగుల దూరంలో రెండో పెట్టె పెట్టాము. స్వాలో తన జాతి పక్షిని దగ్గరకు రానివ్వదు గానీ బ్లూబర్డ్‌ను సహిస్తుంది, బ్లూబర్డ్ తీరూ అదే. అందుకని రెండు పెట్టెలూ రెండు జాతులకు అమరాయి. రెండు బ్లూబర్డ్ జంటలు కావాలనుకునేవారు మాత్రం పెట్టెల మధ్య 100 గజాల దూరం ఉంచాలి.

పెరటిగుమ్మం (రాలీ, నార్త్ కరోలినా), ఏప్రిల్ 24

ఐదింటిలో నాలుగు పిల్లలయ్యాయి, ఒక గుడ్డు పొదగలేదు. ఇవాళ్టికి పిల్లలకు పది రోజులు. రెక్కల ఈకలు గొట్టాల నుంచి విచ్చుకొని, అంచున నీలం తొంగి చూస్తోంది. తల్లిదండ్రులిద్దరూ ఎడతెరపి లేకుండా పచ్చపురుగులు, మిడతలు తెస్తున్నారు, పిల్లల మలాన్ని తెల్లని సంచిలాంటి పొరతో సహా ముక్కున పట్టుకొని దూరంగా పారేస్తున్నారు. వచ్చే శనివారం మా అబ్బాయి పుట్టినరోజు, పెరట్లో పిల్లలు ఆడుకుంటారు. దీనివల్ల ఇబ్బంది ఉంటుందా? పెట్టె ఎప్పటిదాకా తెరవవచ్చు?

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), ఏప్రిల్ 24

పెట్టెను పిల్లల వయసు 12 రోజులు దాటాక తెరవకండి. ఈకలు పూర్తిగా రాని పిల్లలు బెదిరి దూకేస్తే ఎగరలేవు, మళ్ళీ లోపల పెట్టినా దూకుతాయి, నేల మీద పిల్లికో కాకికో దొరికిపోతాయి. కాబట్టి రేపో ఎల్లుండో ఒక చివరి పరీక్ష చేయండి. అప్పుడు గూడును మెల్లగా ఒక పక్కకు ఎత్తి అడుగున చూడాలి. బూడిద రంగు పురుగులు కనిపిస్తే అవి ఒక జాతి ఈగల పిల్లపురుగులు, పగలు గడ్డి అడుగున దాగి రాత్రిపూట పిల్లల రక్తం తాగుతాయి. నాలుగైదు ఉంటే పిల్లలు తట్టుకుంటాయి. ఎక్కువగా ఉన్నా, గూడు తడిసి ఉన్నా పిల్లలను మెత్తని గుడ్డ పరిచిన డబ్బాలోకి తీసి, సన్నని ఎండుగడ్డితో అదే పరిమాణంలో గిన్నెలా కొత్త గూడు చేసి, వాటిని మళ్ళీ అందులో ఉంచండి. పురుగుమందు పొడి ఏదీ చల్లకండి.

పుట్టినరోజు నాటికి పిల్లలకు రెండు వారాలు దాటుతాయి. పెట్టె చుట్టూ 30 అడుగుల దాకా ఎవరూ వెళ్ళకుండా తాడు కట్టి, బంతి ఆటలు ఇంటికి అటువైపు పెట్టించండి. పక్షి జంట అరగంటకు మించి ఆహారం తేకుండా కొమ్మ మీదే ఆగిపోతే మీరు ఆడుకునే పిల్లలను ఇంట్లోకి పిలవాలి. పక్షి పిల్లలు సుమారు 17 నుంచి 21 రోజుల మధ్య ఎగురుతాయి. ఆ రోజుల్లో పొరుగువారి పిల్లి బయట తిరగకుండా చూడమని ఇప్పుడే మర్యాదగా అడగండి, తరువాత అడిగితే ఆలస్యమవుతుంది.

ఎర్రనేల (ఫ్రిస్కో, టెక్సాస్), ఏప్రిల్ 25

నేల మీద పిల్ల కనిపిస్తే రెండు రకాలుగా ఆలోచించాలి. ఈకలు సరిగా లేకుండా ఉంటే తీసి పెట్టెలో పెట్టేయండి. ఈకలు నిండుగా ఉండి గెంతుతూ ఉంటే అది ఎగిరే వయసుదే. దగ్గరలోని కొమ్మ మీదికి చేర్చి దూరంగా వచ్చేయండి. తల్లిదండ్రులు దాని గొంతు విని ఆహారం తెస్తారు.

పెరటిగుమ్మం (రాలీ, నార్త్ కరోలినా), మే 5

నాలుగు పిల్లలూ క్షేమంగా ఎగిరిపోయాయి. చివరిది రంధ్రంలో నుంచి తల బయటపెట్టి చాలాసేపు సందేహించి, ఎదురుగా ఉన్న ఓక్ చెట్టు కింది కొమ్మకు చేరింది. అప్పుడే ఆడపక్షి పెట్టె మీద వాలి లోపలికి చూస్తోంది. మళ్ళీ గూడు కడుతుందా? పాత గడ్డి ఉంచాలా, తీయాలా?

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), మే 5

చాలా సంతోషమండీ. పిల్లలన్నీ వెళ్ళిపోయాయని రూఢి చేసుకొని ఈ సాయంత్రమే పాత గూడు తీసేయండి. మీ ప్రాంతంలో ఏడాదికి రెండు, ఒక్కొక్కసారి మూడు కాన్పులు కూడా జరుగుతాయి. పాత గూటి మీదే కొత్తది కడితే ఎత్తు పెరిగి గుడ్లు రంధ్రానికి దగ్గరవుతాయి, రకూన్ చేయికి అందుతాయి. తీసిన గడ్డిని సంచిలో వేసి దూరంగా చెత్తబుట్టలో పారేయండి, పెట్టె దగ్గర పడేస్తే ఆ వాసనకు జంతువులు వస్తాయి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు పెట్టుకొని అడుగు చెక్కను గీకి, వేడినీళ్ళతో కడిగి, ఆరాక మూయండి.

కొన్ని వారాలపాటు మొదటి కాన్పు పిల్లలను మగపక్షే పోషిస్తుంది, ఆడపక్షి రెండో గూటి పనిలో ఉంటుంది. రెండో కాన్పు పిల్లలకు మొదటి కాన్పు అక్కలూ అన్నలూ పురుగులు తెచ్చి పెట్టడం కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది, గమనించండి.

ఎర్రనేల (ఫ్రిస్కో, టెక్సాస్), మే 6

రెండో కాన్పుకు శత్రువు చలి కాదు, ఎండ. పెట్టె పైభాగంలో గాలి ఆడే సందులున్నాయో లేదో చూసి, లేకపోతే ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడే పక్క చెక్కలకు పైన చిన్న రంధ్రాలు చేయించండి. పెట్టె రంగు ముదురుగా ఉంటే బయటివైపు మాత్రం తెల్లరంగు వేయండి, లోపల వేయకూడదు. పడమటి ఎండ తగిలే వైపు ఒక అంగుళం ఎడంగా మరో పలుచని చెక్కను బిగిస్తే లోపలి వేడి బాగా తగ్గుతుంది.

పెరటిగుమ్మం (రాలీ, నార్త్ కరోలినా), మే 6

గూడు తీసి, కడిగి ఆరబెట్టాము. పొదగని గుడ్డు గూటిలోనే ఉండిపోయింది, చట్టం గురించి రెండోకాపుగారు రాసినది గుర్తుండి దాచుకోకుండా గడ్డితోపాటే పారేశాము. రంధ్రాలు రేపు వేయిస్తాము. పిచ్చుకల జంట మాత్రం ఇంకా కంచె మీదికి వస్తోంది, కాబట్టి కొత్త గూట్లో మొదటి గుడ్డు కనిపించిన రోజే మెరుపు పట్టీలు కట్టడానికి పుల్లలు సిద్ధం చేసి పెట్టుకున్నాము.

చెట్టునీడ (రిచ్‌మండ్, వర్జీనియా), మే 7

మంచి పని. పట్టీల పొడవు కప్పు దాటి రంధ్రానికి అడ్డంగా వేలాడకుండా కత్తిరించండి. ఈ వారం నుంచి మళ్ళీ మూడు రోజులకొకసారి తెరిచి చూడటం మొదలుపెట్టండి.